డాక్టరు గారి సీటు అచ్చు

శనివారం పొద్దున్నే పళ్ల డాక్టరు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. షెడ్డులో కూర్చుని రేసు కారుకి కొత్త సీటు అచ్చు పోసుకోవడం, అది గట్టిపడ్డాక కాఫీ తాగడం, కారుని ట్రైలర్ మీదకి ఎక్కించి ఊరి బయట ట్రాక్‌కి తనిఖీ వేళకల్లా చేరడం. మధ్యాహ్నం క్వాలిఫైయింగ్, అంటే ఎవరు ఎంత వేగంగా తిరిగారో చూసి మర్నాటి వరస తేల్చడం. ఆదివారం రేసు. రేసు అయిపోగానే కారు అమ్మకం.

ఆ చివరి ముక్క తలుచుకున్నప్పుడల్లా ఆయన షెడ్డులోకి వెళ్లి కారుని ఓసారి తుడిచి వచ్చేవాడు. అది ఇంటిల్లిపాదీ ఎక్కే కారు కాదు. ఒక్క మనిషి మాత్రమే పట్టే, పైకప్పు లేని, నేలకి జానెడు ఎత్తున పాకే సన్నటి కారు. వారమంతా జనం నోళ్లలోకి తొంగిచూసిన డాక్టరు, క్లబ్బు రేసులున్న శని ఆదివారాల్లో ఆ కారులో దూరి లోకాన్ని మరిచిపోయేవాడు. గెలిచింది ఎన్నడూ లేదు. రేసులో ఆయన వెనకాల ఎవరైనా ఉన్నారంటే వాళ్ల కారు చెడిపోయిందని లెక్క. అయినా దాన్ని చూస్తే ఆయనకి ప్రాణం లేచి వచ్చేది.

మరి అమ్మడం ఎందుకంటే, ఇల్లాలికి ఇష్టం లేదు. ఆవిడ రైల్వే స్టేషన్లో మైకులో రైళ్ల రాకపోకలు చెప్పే ఉద్యోగిని. ఊరు ఊరంతా ఆవిడ మాట విని పెట్టే బేడా సర్దుకుంటుంది. ఇంట్లో మాత్రం ఆ గొంతుకి శ్రోతలు తక్కువ. ఎండాకాలం మొదట్లో ఒకనాడు భోజనాల దగ్గర ఆవిడ శనివారాల గురించీ, కారు గురించీ, ట్రాక్ గురించీ చాలాసేపు మాట్లాడింది. డాక్టరు టైర్ల కేటలాగు తిరగేస్తూ ‘ఊఁ’ కొట్టాడు. మాటలు చెవిన పడకపోయినా, గొంతులోని వేడిని బట్టి విషయం గ్రహించేశాడు. మర్నాడు పెద్ద త్యాగం చేస్తున్నవాడిలా, “ఈ సీజన్ అయ్యాక కారు అమ్మేస్తాలే” అని ప్రకటించాడు. ఆవిడ అదోలా చూసి “మీ ఇష్టం” అంది. భార్య ‘మీ ఇష్టం’ అన్నాక ఇక మాట్లాడటానికి ఏముంటుంది? కళ్లజోళ్ల షాపాయనకి కారు ఇస్తానని మాట ఇచ్చేశాడు. ఆ షాపాయన కారుని ఒకసారి కళ్లారా చూసుకోవడానికి శనివారమే ట్రాక్‌కి వస్తానన్నాడు.

ఆఖరి రేసులోనైనా, కారు చెడిపోనివాణ్ణి ఒక్కణ్ణి దాటాలని డాక్టరు పంతం. పాత సీటేమో ఆయన పొట్టని భరించలేకపోతోంది. అందుకని కొత్త అచ్చు.

ఈ రకం కార్లలో సీటుని దుకాణంలో కొనరు, మనిషి మీదే పోస్తారు. రెండు డబ్బాల్లో ఉండే ద్రవాలు కలిపి, పెద్ద ప్లాస్టిక్ సంచిలో పోసి, ఆ సంచిని కారు గుంటలో పెడతారు. డ్రైవరు రేసు సూటూ హెల్మెట్టూ వేసుకుని దాని మీద కదలకుండా కూర్చోవాలి. ద్రవం నురగలా పొంగి, అతని వీపు ఒంపుల్ని పట్టుకుని ఫోమ్‌గా గట్టిపడుతుంది. ఫోమ్ తెచ్చే పని బావమరిది నెత్తిన వేసుకున్నాడు. అతను కోల్డ్ స్టోరేజీ గదులు కట్టే కాంట్రాక్టరు. బావ పక్కన నిలబడి నట్లు బిగించడం అతని ఆదివారం సంబరం.

“బజార్లో చిన్న చిన్న డబ్బాలు కొనడం ఎందుకు బావా? మా గోడౌన్లో కావలసినంత ఉంది” అన్నాడు, రెండు పెద్ద డబ్బాలు దింపుతూ.

“పళ్లకి రోజూ అచ్చులు తీసేవాణ్ణి. వీపుకి తీయడం నాకో లెక్కా? పొయ్యరా” అన్నాడు డాక్టరు, సూటూ హెల్మెట్టూ తగిలించుకుని స్టీరింగ్ పట్టుకుని కూర్చుంటూ.

బావమరిది పోశాడు. వీపు కింద వెచ్చగా, హాయిగా ఏదో కదిలింది. డాక్టరు కళ్లు మూసుకున్నాడు. ఆ వెచ్చదనం నడుము దాటింది. పక్కటెముకలు దాటింది. వెనకాల ఎక్కడో సంచి ‘ఫట్’మంది. కళ్లు తెరిచేసరికి పసుప్పచ్చటి నురగ రెండు వైపుల నుంచీ పాలు పొంగినట్టు పైకి వస్తోంది.

“ఒరేయ్, ఎంత కలిపావురా?”

“డబ్బా మీద రాసినంతే కలిపాను బావా.”

“డబ్బా మీద దేనికని రాసుంది?”

బావమరిది డబ్బాని తిప్పి చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఒక గదికి.”

ఆ మాటతో పాటే నురగ చంకల దాకా వచ్చి, మోచేతుల్ని కలుపుకుని, కారు అంచుల మీదుగా పొర్లి, ఆగింది. ఆగి గట్టిపడింది. డాక్టరు లేవబోయాడు. ఆయనలో ఏ భాగమూ ఆయన మాట వినలేదు. మణికట్ల కింద చేతులు మాత్రం ఆడుతున్నాయి. బావమరిది వెనక నుంచి చంకల్లో వేళ్లు దూర్చి బలంకొద్దీ లాగాడు. కారు ముందు చక్రాలు లేచాయి గాని డాక్టరు లేవలేదు.

“రంపం తేనా?”

“కారుకి గీత పడిందంటే నీకు పళ్లుండవు!”

“పోనీ అక్కకి ఫోన్ చెయ్యనా?”

“దానికి తెలిస్తే రేపటి దాకా కూడా ఆగదు, ఇవాళే అమ్మిస్తుంది. తనిఖీకి వేళ మించితే రేసే లేదు. అక్కడ రకరకాల పనిముట్లుంటాయి, ఎవడో ఒకడు తీస్తాడు. ట్రైలర్ ఎక్కించు!”

“నిన్నా, కారునా?”

“ఇప్పుడు రెండూ ఒకటేగా!”

ఆ విధంగా డాక్టరు తన కారుతో సహా ట్రైలర్ ఎక్కి, తాళ్లతో బిగించబడి, హెల్మెట్‌తో నిటారుగా, నగరం వీధుల్లో ఊరేగాడు. వ్యాన్ తోలుతున్న బావమరిది సిగ్నల్ పడ్డ చోటల్లా తల బయటపెట్టి “ఎలా ఉంది బావా?” అని అరిచేవాడు. ఇంటి మలుపులోనే పక్కింటి పెద్దావిడ కూరల సంచితో ఎదురైంది. ఏమీ జరగనట్టు కనిపించాలని డాక్టరు మణికట్టు దగ్గర ఒక చేతిని ఆడించాడు. పెద్దావిడ కూరల సంచి కింద పడేసింది. ఆవిడకేం అర్థమైందో ఆయనకు తర్వాత తెలిసింది. వెంటనే స్టేషన్‌కి ఫోన్ చేసి, “అమ్మా, మీ ఆయన్ని కారులోంచి తీయడం కూడా కుదరక కారుతో సహా కట్టేసి ట్రాక్ దారిన తీసుకెళ్తున్నారు. మనిషిలో కదలిక లేదు. చెయ్యి ఒక్కటే కొట్టుకుంటోంది” అని చెప్పిందట.

పెద్ద కూడలి దగ్గర ఒక స్కూటరాయన పక్కన ఆగి, హెల్మెట్‌లోకి తేరిపార చూశాడు.

“డాక్టర్ గారూ! నమస్కారం. మీరు మొన్న కట్టిన పన్ను మళ్లీ సలుపుతోందండీ.”

“సోమవారం రండి” అన్నాడు డాక్టరు, ఉన్నంతలో హుందాగా.

“ఒక్కసారి చూడండి, మళ్లీ దొరకరు” అంటూ ఆయన ట్రైలర్ మీదకి వంగి నోరు తెరిచాడు. పచ్చలైటు పడి వెనకాల హారన్లు మోగుతున్నా మూయలేదు. డాక్టరు చూశాడు. ఇంకేం చేస్తాడు, లేచి పారిపోయే వీల్లేదు కదా!

ట్రాక్ గేటు దగ్గర ఇంకో గండం కాచుకుని ఉంది. ప్రమాదాల్లో డ్రైవర్లని బయటికి తీసే రక్షణ దళానికి ఆ రోజు వార్షిక పరీక్ష. పరీక్ష పెట్టడానికి తలపాగా అంత టోపీతో ఒక అధికారి వచ్చి కూర్చున్నాడు. దళం పరీక్ష తప్పితే రేపటి రేసులే జరగవు. కారులో ఇరుక్కున్నట్టు నటించడానికి ఒప్పుకున్న పెద్దమనిషి పొద్దున్నే కడుపునొప్పని కబురు పెట్టాడు. దళ నాయకుడు గోళ్లు కొరుక్కుంటూ నిలబడి ఉండగా, ట్రైలర్ మీద డాక్టరు వచ్చాడు.

“దేవుడల్లే వచ్చారండీ! కారులో కూర్చునే వచ్చేశారే!” అన్నాడు నాయకుడు, కళ్లనీళ్లు ఒక్కటే తక్కువ.

“ఇరుక్కుపోయాడండీ, కాస్త తీయండి” అన్నాడు బావమరిది.

“విన్నారా? తోడొచ్చినవాడు కూడా ఎంత సహజంగా చేస్తున్నాడో!” అన్నాడు అధికారి, గడియారం నొక్కుతూ. “కానివ్వండి.”

ఎర్ర చొక్కాల వాళ్లు కారుని కిందికి దించి చుట్టుముట్టారు.

“నేను నటించడం లేదు! నిజంగా ఇరుక్కున్నాను!” అని అరిచాడు డాక్టరు.

“బాగా చేస్తున్నారు, అలాగే కానివ్వండి” అని చెవిలో చెప్పి, నాయకుడు గొంతు పెంచాడు. “ఎక్కడ నొప్పిగా ఉందండీ?”

“నొప్పేమీ లేదు! కారు జాగ్రత్త! కారుని ముట్టుకోకండి!”

“ఒంటి మీద ధ్యాస లేదు, కారంటూ కలవరిస్తున్నాడు. తలకి దెబ్బ తగిలుండొచ్చు. మెడ కదలనివ్వకండి!”

హెల్మెట్ మెల్లగా తీసి, గడ్డం కింద నుంచి మెడ చుట్టూ గట్టి పట్టీ బిగించారు. అంతటితో డాక్టరు దవడలు రెండూ మూసుకుపోయాయి. ఎంత అరిచినా బయటికి వచ్చింది ఒక్కటే మాట.

“ఊఁ! ఊఁ!”

“చుట్టూ ఉన్న ఈ పసుప్పచ్చది రాయిలా ఉంది. పక్క భాగం కోసేద్దామా?” అన్నాడొకడు.

“ఊఁ! ఊఁ! ఊఁ!”

“ఆయన కూడా సరేనంటున్నాడు. కత్తెర తే!”

ఇనుప కడ్డీలని కరకర నమిలేసే యంత్రపు కత్తెర అది. కొన్నప్పటి నుంచీ వాడే అవకాశం రాలేదేమో, ఇద్దరు దాన్ని పరుగున తెచ్చారు. ఇన్నేళ్లుగా ఎంతమంది తన కుర్చీలో ఇలా ‘ఊఁ ఊఁ’ అన్నారో, ఎంతమందికి తను ‘నొప్పి లేదంటున్నారు’ అనుకుని పని కానిచ్చేశాడో, డాక్టరుకి ఒక్కసారిగా కళ్లముందు కనబడింది. కత్తెర నోరు తెరిచి కారు పక్కటెముకల మీదకి వచ్చింది.

“ఆపండి!”

ఆ గొంతుకి కత్తెరే కాదు, అవతల ట్రాక్ ఊడుస్తున్నవాళ్లు కూడా ఆగిపోయారు. స్టేషన్ యూనిఫారంలోనే, జుట్టు చెదిరి, ఒక కాలికి చెప్పు లేకుండా ఇల్లాలు పరుగెత్తుకొచ్చింది. వచ్చి, కారు ముందు మోకాళ్ల మీద కూలబడి, భర్త మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

“ఏమండీ! మాట్లాడండి! ఒక్క మాట మాట్లాడండి!”

“ఊఁ” అన్నాడు డాక్టరు. భార్య ఏడవడం ఆయన ఎన్నడూ చూడలేదు. ఆయన కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి చేతులు లేవు.

“ఏం కాలేదక్కా! ఫోమ్ కాస్త ఎక్కువైంది, అంతే!” అని బావమరిది జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. ఆవిడ విన్నది. భర్త వేళ్లు కదిలించి చూసింది. ఫోమ్ మీద వేలితో కొట్టి చూసింది. కళ్లు తుడుచుకుని లేచి నిలబడింది. ఆవిడ మొహంలో రంగు మారడం చూసి బావమరిది రెండడుగులు వెనక్కి వేశాడు.

“పరీక్షలో రెండో భాగం, బంధువుల్ని సముదాయించడం” అన్నాడు అధికారి, గడియారం వంక చూసుకుని.

“అమ్మా, మీరు కాస్త పక్కకి వచ్చి కూర్చుంటే…” అని మొదలెట్టాడు నాయకుడు.

“నేను మాట్లాడాలి” అంది ఆవిడ. నాయకుడు తనే పక్కకి వెళ్లి కూర్చున్నాడు.

“ఏమండీ, ఇప్పుడు మీరు ఎక్కడికీ వెళ్లలేరు. క్లినిక్ నుంచి ఫోన్ రాదు. కేటలాగు చూడలేరు. అందుకని వినండి. పొద్దస్తమానం నోరు తెరుచుకున్న వాళ్లతో మాట్లాడతారు. వాళ్లు మారు పలకలేరు కదా, ఇంటికొచ్చినా అదే అలవాటు. మీరు చెప్పడమే తప్ప ఎదుటి మనిషికి నోరుందని గుర్తుండదు. ఆ రోజు అన్నం దగ్గర నేనేం చెప్పానో చెప్పండి చూద్దాం!”

“ఊఁ…”

“తెలీదు. నేనే చెప్తాను. మీ క్లబ్బు వాళ్లు నన్ను పిలిచారని చెప్పాను! ఇక్కడ మైకులో రేసు గురించి చెప్పే ఆయన మానేశాడట. స్టేషన్లో నా గొంతు విన్నారట. శని ఆదివారాలు వచ్చి మీరు చెప్తారా అని అడిగారు. శనివారం వస్తే చాలు, మీరూ తమ్ముడూ చక్కా పోతారు, నేనొక్కదాన్నీ గోడలు చూస్తూ కూర్చుంటాను, ఇకనుంచి ముగ్గురం కలిసి వెళ్దామండీ అని ఎంత సంబరంగా చెప్పానో! మర్నాడు లేచి మీరేమన్నారు? కారు అమ్మేస్తానన్నారు! నేను ట్రాక్‌లో అడుగు పెట్టడం కంటే ప్రాణంలాంటి కారు వదులుకోవడమే నయమనుకున్నారా అని ఎంత ఏడ్చానో మీకు తెలుసా? ఇంకేం అంటాను? మీ ఇష్టం అన్నాను. క్లబ్బు వాళ్లకి రాలేనని చెప్పేశాను.”

కత్తెర పట్టుకున్నవాడు దాన్ని మెల్లగా నేల మీద పెట్టాడు. అధికారి గడియారం ఆపడం మరిచిపోయాడు. అందరికంటే ఎక్కువగా అదిరిపోయింది డాక్టరు. ఫోమ్ పొంగినప్పుడు గాని, కత్తెర మీదకి వచ్చినప్పుడు గాని ఆయన గుండె అలా జారిపోలేదు. ఎండాకాలం నుంచీ తను చేస్తున్నది త్యాగమనుకుని లోలోపల మురిసిపోయాడు. భార్యని కాస్త చిన్నచూపు కూడా చూశాడు. ఆ సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

అంతసేపూ గుంపు వెనక నిలబడి ఉన్న కళ్లజోళ్ల షాపాయన ముందుకి వచ్చాడు. కారు నడిపి చూద్దామని తన రేసు సూటు కూడా చంకన పెట్టుకుని వచ్చాడు పాపం.

“మధ్యలో వచ్చాననుకోకండి. ఇంతకీ కారు అమ్ముతున్నట్టా, లేనట్టా?”

అందరూ డాక్టరు వైపు తిరిగారు.

“ఊఁ ఊఁ ఊఁ!”

“అమ్ముతానంటున్నారు” అన్నాడు షాపాయన సంతోషంగా.

“అవును, నాకూ అలాగే వినబడింది” అన్నాడు దళ నాయకుడు.

ఆవిడ భర్త కళ్లలోకి చూసింది.

“కాదు. అమ్మనంటున్నారు.”

“మీకెలా తెలుసండీ?”

“ఇన్నేళ్లుగా ఆయన ‘ఊఁ’ వింటున్నాను. అందులో నా మాట విని అన్నది ఇదే మొదలు.”

డాక్టరు కనురెప్పలు టపటప కొట్టి ఒప్పుకున్నాడు. షాపాయన మంచివాడు, పెద్దగా నిట్టూర్చి ఊరుకున్నాడు.

ఆ తర్వాత పని చకచకా జరిగిపోయింది. ఆవిడ చెప్పినట్టు, కత్తెర పక్కన పెట్టి అంచుల మీదకి పొర్లిన ఫోమ్‌ని చాకుతో చెక్కేశారు. అడుగున చిరగకుండా మిగిలిన సంచి పుణ్యమా అని ఫోమ్ కారుకి అంటుకోలేదు. వెన్ను కదలకుండా డ్రైవర్ని సీటుతో సహా ఎత్తడం ఎలాగూ వాళ్ల పద్ధతే. ఆరుగురు కలిసి ఎత్తి, డాక్టర్ని కుర్చీలో రాజులా నేల మీద కూర్చోబెట్టారు. అయితే సూటు మాత్రం ఫోమ్‌ని వదల్లేదు. చివరికి మెడపట్టీ విప్పి, సూటు జిప్పు తీసి, లోపలి బనీనూ పైజమాతో ఆయనొక్కణ్ణి బయటికి లాగారు. ఖాళీ సూటు చేతులు చాపుకుని ఆ సీటులోనే కూర్చుండిపోయింది.

అధికారి వచ్చి నాయకుడితో చేతులు కలిపాడు. “దళం నెగ్గింది. ముఖ్యంగా రెండో భాగం అద్భుతం. బంధువు మాట్లాడుతుంటే ఒక్కరు కూడా అడ్డు రాలేదు. అదే సరైన పద్ధతి. ఆ బంధువుని ఏ నాటక సంస్థ నుంచి తెచ్చారు?”

క్వాలిఫైయింగ్ ఎలాగూ దాటిపోయింది. క్లబ్బు వాళ్లు దయతలచి, అందరి వెనక నిలబడి బయల్దేరమన్నారు. డాక్టరుకి అది అలవాటైన చోటే. సీటు నిండా అతుక్కున్న పాత సూటుని టేపుతో కప్పేసి, కొత్త సీటు మళ్లీ కారులో బిగించారు. వేసుకోవడానికి షాపాయన తన సూటు అరువిచ్చాడు. అది మోకాళ్ల దగ్గరే అయిపోయింది.

క్లబ్బు వాళ్లు మళ్లీ అడగడంతో, ఆదివారం రేసుకి ఇల్లాలు ట్రాక్ పక్కన గాజుగది ఎక్కి మైకు పట్టుకుంది. పాత అలవాటు కొద్దీ మొదట్లో “ప్రయాణికులకు మనవి” అన్నా, జనం చప్పట్లు కొట్టారు. కారు కారునీ, మలుపు మలుపునీ కళ్లకి కట్టింది. ఇక డాక్టరు కారు ఎవరినో దాటబోయినప్పుడు ఆవిడ గొంతు వణికింది. దాటినప్పుడు ఆ గొంతు విని మెట్ల మీది జనం తెలియకుండానే లేచి నిలబడ్డారు. దాటింది చెడిపోయిన కారు కాదు, నిక్షేపంలా పరుగెడుతున్న కారు. ఆ సంగతి ఆవిడ మూడుసార్లు చెప్పింది. “ఈయన మావారు” అని కూడా చెప్పేసింది. తర్వాత నాలుక కరుచుకుని, అది కూడా మైకులోనే చెప్పింది. కింద బావమరిది ఎవరో తెలియని మనిషిని వాటేసుకుని ఏడ్చాడు. అలాంటి మాటలు రేసు ట్రాక్ మీద ఎప్పుడూ వినలేదని పెద్దవాళ్లు సైతం ఒప్పుకున్నారు.

ఇంజను హోరుకని చెవుల్లో బిరడాలు పెట్టుకున్న డాక్టరుకి మాత్రం వాటిలో ఒక్క ముక్కా వినబడలేదు.